డేట్ కాని రోజుల్లో మరక కనపడితే: కారణాలేంటి, డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

వేదిక_మోడరేటర్

ఈ విషయం మీద విడివిడిగా వచ్చిన ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చాం. "రెండు చుక్కలు కనపడ్డాయి, ప్రమాదమా?" అని ఒక్క ముక్క రాస్తే ఎవరూ ఏమీ చెప్పలేరు. అడిగేవాళ్లు ఈ ఐదూ రాయండి: వయసు, కిందటి నెలసరి మొదలైన తేదీ (ఆగిన తేదీ కాదు), గర్భం ఉండే అవకాశం ఉందా లేదా, వాడుతున్న మందులు లేదా కాపర్-టీ, మరక ఏ సందర్భంలో కనపడుతోంది. రిపోర్టు ఫొటోలు పెట్టేటప్పుడు పేరు, నంబర్లు చెరిపేయండి.

కింద చెప్పినవాటిలో ఏ ఒక్కటి ఉన్నా చర్చ చదవడం ఆపి 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని పెద్దాసుపత్రికి వెళ్లండి. గంటకో ప్యాడ్ చొప్పున వరసగా రెండు గంటలు తడిసిపోవడం. కళ్లు తిరిగి పడిపోవడం. గర్భం ఉన్నా, ఉందేమో అన్న అనుమానం ఉన్నా పొత్తికడుపులో ఒకవైపు పొడిచినట్టు నొప్పి. భుజం కొనలో నొప్పి. చలిజ్వరంతో పాటు చెడు వాసన వచ్చే స్రావం.

డాక్టరమ్మ_గైనిక్

ముందు మాటలు సరిచూసుకుందాం. ప్యాడ్ అవసరం లేకుండా, లోదుస్తుల మీద మరకలానో, తుడుచుకుంటే గులాబీ రంగుగానో, గోధుమ రంగుగానో కనపడేదాన్ని స్పాటింగ్ అంటాం. 24 నుంచి 38 రోజులకోసారి వచ్చి, 8 రోజుల్లోపు ఆగిపోయేది మామూలు నెలసరి. దానికి ఒకరోజు ముందు, అయిపోయాక ఒకటి రెండు రోజులు కనపడే గోధుమ రంగు నెలసరిలో భాగమే, విడిగా లెక్కపెట్టక్కర్లేదు.

గోధుమ రంగంటే రక్తం లోపల కాసేపు నిలిచి వచ్చిందని అర్థం, అంతే. ఎరుపు చెడ్డది, గోధుమ మంచిది అన్న లెక్క లేదు. గర్భం సంచిలో కాక పక్కనుండే ట్యూబులో నిలిచినవాళ్లలో చాలామందికి మొదట కనపడేది ఆ గోధుమ రంగు మరకే.

అందుకే 15 నుంచి 50 ఏళ్ల మధ్య ఎవరికైనా మొదటి పని మూత్రంతో గర్భ పరీక్ష. "ఆ అవకాశం లేదండీ" అన్నవాళ్లకూ చేస్తాం, ఏమీ అనుకోవద్దు. కిట్ మందుల షాపులో దొరుకుతుంది, ఆశా కార్యకర్త దగ్గర నిశ్చయ్ కిట్ ఉచితం. పొద్దున్నే మొదటిసారి వచ్చే మూత్రం పొడి గిన్నెలో పట్టి, డ్రాపర్‌తో రెండు మూడు చుక్కలు గుంటలో వేసి, 5 నిమిషాలకు చూడండి. 10 నిమిషాలు దాటాక ఆరిపోయిన గీత కనిపిస్తే దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. 5 నిమిషాల్లో వచ్చిన గీత ఎంత లేతగా ఉన్నా గీతే. డేట్ దాటకముందే చేస్తే లేదని రావచ్చు, 3 రోజులాగి మళ్లీ చేయండి.

కృష్ణాతీరం

పిల్లల ఆపరేషన్ అయిపోయినవాళ్లు కూడా పరీక్ష చేసుకోవాలా డాక్టరమ్మ గారూ?

డాక్టరమ్మ_గైనిక్

తప్పకుండా. మన దగ్గర ఇది మరీ ముఖ్యం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మందికి కు.ని. ఆపరేషన్ అయింది. "ఆపరేషన్ అయింది కదా, గర్భం ఎలా వస్తుంది" అని పరీక్షే చేయరు. ట్యూబు కట్టాక గర్భం రావడం అరుదు. వస్తే మాత్రం అది ట్యూబులోనే నిలిచే అవకాశం మామూలు కంటే బాగా ఎక్కువ. డేట్ వారం దాటి, కొంచెం కొంచెం మరక కనపడుతూ, ఒకవైపు నొప్పి ఉంటే "గ్యాస్ పట్టింది" అని సోడా తాగి పడుకోవద్దు. ట్యూబు పగిలితే రక్తం బయటికి పెద్దగా రాదు, కడుపులో నిండుతుంది. బయట మరక చిన్నదే, లోపల లీటరు పోయి ఉంటుంది. భుజం నొప్పి రావడానికి కారణం కూడా ఆ రక్తమే, అది డయాఫ్రం పొర కిందికి చేరుతుంది.

కాపర్-టీ ఉన్నవాళ్లకూ ఇదే మాట.

మందులకొట్టు

మా కౌంటర్ దగ్గర రోజూ వినే ప్రశ్నల్లో సగం మాత్రల వల్ల వచ్చే మరకల గురించే, అవి నేను చెబుతాను.

గర్భనిరోధక మాత్రలు మొదలెట్టిన మొదటి 3 నెలలు మధ్యమధ్యలో మరక కనపడటం మామూలు. మాత్రలు ఆపకూడదు. ఆపితే ఇంకా ఎక్కువవుతుంది, పైగా గర్భం రావచ్చు. మాలా-ఎన్, మాలా-డి రెండిటిలోనూ 28 మాత్రలుంటాయి. 21 హార్మోన్‌వి, చివరి 7 ఐరన్‌వి. మరక కనపడిందంటే చాలాసార్లు వెనక ఒక మాత్ర మరిచిపోయి ఉంటారు, షీటు తీసి లెక్కపెడితే తేలిపోతుంది. ఒకటి మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని, ఆ రోజుది ఆ రోజు టైముకే వేసుకోవాలి. వరసగా రెండో, అంతకంటే ఎక్కువో మరిస్తే ఆఖరుగా తప్పినది ఒక్కటి వేసుకుని, షీటు కొనసాగిస్తూ 7 రోజులు కండోమ్ వాడాలి. మాత్ర వేసుకున్న మూడు గంటల్లోపు వాంతయినా మాత్ర తప్పినట్టే లెక్క.

ఎవరూ అడగనిది ఒకటుంది. టీబీకి వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే కార్బమాజెపిన్, ఫెనిటాయిన్ గర్భనిరోధక మాత్రల బలాన్ని తగ్గించేస్తాయి. టీబీ కోర్సు మొదలయ్యాక మధ్యలో మరకలు పడుతుంటే, మాత్ర పనిచేయడం లేదని శరీరం చెబుతున్నట్టే. టీబీ మందు ఆపొద్దు, గర్భనిరోధక పద్ధతి మార్చమని డాక్టర్‌ని అడగండి.

అత్యవసర మాత్ర (లెవోనార్‌జెస్ట్రెల్ 1.5 మి.గ్రా., 72 గంటల్లోపు వేసుకునేది) తర్వాత కొద్దిగా కనపడొచ్చు. అది నెలసరి కాదు. అసలు నెలసరి వారం అటూ ఇటూ కావచ్చు. అంతకంటే ఆలస్యమైతే గర్భ పరీక్ష.

గర్భం రాకుండా వేసే అంతర ఇంజెక్షన్ 3 నెలలకోసారి. మొదటి రెండు మూడు ఇంజెక్షన్ల వరకు చిల్లర మరకలు రోజుల తరబడి ఉండొచ్చు, ఏడాది తిరిగేసరికి దాదాపు సగం మందికి నెలసరే ఆగిపోతుంది. రెండూ మందు ప్రభావమే. ఈ సంగతి ముందే చెప్పి ఉంటే ఎంతోమంది రెండో ఇంజెక్షన్‌కి వచ్చేవాళ్లు.

గోదారి_కోడలు

ఫంక్షన్లకి డేట్ వెనక్కి జరుపుకునే మాత్రల గురించి కూడా చెప్పండి. శ్రావణమాసం వస్తే మా వైపు ఇంటింటా అవే.

మందులకొట్టు

అవి నోరెథిస్టెరాన్ 5 మి.గ్రా. మాత్రలు. డాక్టర్లు సాధారణంగా రోజుకు మూడు చొప్పున, అనుకున్న డేట్‌కి 3 రోజుల ముందు నుంచి రాస్తారు. ఆపాక రెండు మూడు రోజులకు నెలసరి వస్తుంది. గొడవ ఎక్కడొస్తుందంటే, డేట్ రేపో ఎల్లుండో అనగా మొదలెడతారు. లోపలి పొర అప్పటికే ఊడటానికి సిద్ధమై ఉంటుంది కాబట్టి పూజ నాడే మరక. లేకపోతే పెళ్లి హడావుడిలో మధ్యాహ్నం మాత్ర మరిచిపోతారు, సాయంత్రానికి మరక. అప్పుడు భయపడి ఒకేసారి రెండు మూడు మింగుతారు. అలా చేయొద్దు.

కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు, కళ్ల ముందు మెరుపులతో పార్శ్వనొప్పి వచ్చేవాళ్లు, రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు, లివర్ జబ్బు ఉన్నవాళ్లు ఇవి అడగనే వద్దు. గర్భనిరోధక మాత్రలు కావివి, ఆ ధైర్యంతో కూడా ఉండొద్దు.

రక్తం ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు అడిగేవాళ్లు ఇంకో వరస. అది ఎక్కువ బ్లీడింగ్‌కి మందు. నెలకు నాలుగు చుక్కలు కనపడేదానికి వేసుకుంటే కారణం అలాగే ఉంటుంది, కనపడాల్సిన గుర్తు మాత్రం తగ్గి నెలలు గడిచిపోతాయి.

సీతాఫలం

ఇన్ని మందుల పేర్లెందుకండీ. వేడి చేస్తే కూడా కనపడుతుంది. బొప్పాయి, నువ్వులుండలు మానేసి, నాలుగు రోజులు సబ్జా గింజలు, మజ్జిగ తాగితే తగ్గిపోతుంది. పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

డాక్టరమ్మ_గైనిక్

మజ్జిగ తాగండి, నాకేం అభ్యంతరం లేదు. తగ్గిపోయిందన్నారే, అసలు చిక్కు అక్కడే ఉంది. అండం విడుదలయ్యే రోజున, అంటే రాబోయే నెలసరికి 14 రోజులు ముందుగా, ఈస్ట్రోజెన్ హార్మోన్ ఒక్కసారి తగ్గి కొందరికి ఒకటి రెండు రోజులు మరక కనపడుతుంది, దానంతటదే ఆగుతుంది. పేరు సబ్జాకి వస్తుంది. పాలిప్ (లోపల పెరిగే చిన్న కండ) వల్ల వచ్చేదీ నాలుగు రోజుల్లో ఆగుతుంది. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ తొలి దశలో వచ్చేది కూడా ఆగుతుంది, నెల తర్వాత మళ్లీ వస్తుంది. ఆగిందంటే నయమైందని కాదు. రెండు మూడు నెలలు క్యాలెండర్ మీద గుర్తు పెట్టండి. మరక ఏటా ఒకటి రెండుసార్లు, అదీ నెలసరుల నడిమధ్యనే అయితే వదిలేయొచ్చు. మూడు నెలల్లో మూడుసార్లు, అందులోనూ ఒక్కోసారి ఒక్కో రోజున వస్తే వదిలేయకూడదు.

స్కాన్‌రూమ్

సిజేరియన్ అయినవాళ్ల కోసం ఒక కారణం విడిగా రాయాలి. 2019-21 సర్వేలో తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రలో 42.4 శాతం సిజేరియన్లే. వీళ్లలో కొందరు చెప్పేది అచ్చు ఒకేలా ఉంటుంది: "నెలసరి ఐదు రోజుల్లో అయిపోతుంది, తర్వాత ఇంకో వారం కాఫీ పొడి కలిపిన నీళ్లలా కొంచెం కొంచెం వస్తూనే ఉంటుంది."

కోత పెట్టిన చోట గర్భసంచి గోడ అతికినా, కొందరిలో లోపలివైపు చిన్న గుంట మిగిలిపోతుంది. 2 మిల్లీమీటర్లు, అంతకంటే లోతుంటే దాన్ని నిచ్ అంటాం, ఇస్థ్మోసీల్ అని కూడా రిపోర్టులో రాస్తారు. చొక్కా జేబులాంటిదనుకోండి. నెలసరి రక్తం అందులోకి చేరుతుంది. ఆ చోట కండరం పలచబడి సరిగా ముడుచుకోదు కాబట్టి రక్తం ఒకేసారి బయటికి పోక, పాతబడి గోధుమ రంగై, రోజుకింత చొప్పున కారుతుంది.

ఇది పొట్టమీద చేసే స్కాన్‌లో తప్పిపోవచ్చు. లోపలినుంచి చేసే టీవీఎస్ స్కాన్‌లో, అదీ మరక కనపడుతున్న రోజుల్లోనే చేస్తే గుంటలో ద్రవం నల్లగా, ముక్కోణంలా కనిపిస్తుంది. రాసేవాళ్లు పట్టించుకోకపోతే రిపోర్టులో "నార్మల్" అని వచ్చేస్తుంది. అందుకే చీటీ మీద "సిజేరియన్ ఎన్ని, నెలసరి తర్వాత గోధుమ మరక ఎన్ని రోజులు" అని రాయించుకుని రండి, వెతికే కన్ను మారుతుంది. గుంటకీ బయటి గోడకీ మధ్య ఎంత కండరం మిగిలిందో కొలవమనండి, మళ్లీ గర్భం అనుకుంటున్నవాళ్లకు ఆ అంకె కావాలి.

ప్రాణానికి ముప్పులేని సంగతే ఇది. పిల్లలు అక్కర్లేకపోతే మాత్రలతోనో, హార్మోన్ ఉండే లూప్‌తోనో చాలామందికి సర్దుకుంటుంది. లేకపోతే హిస్టెరోస్కోపీతో (సంచిలోకి సన్నటి కెమెరా గొట్టం పంపి) గుంట అంచుల్ని సరిచేస్తారు, గోడ మరీ పలచగా ఉంటే ఆ పద్ధతి కుదరదు.

కృష్ణాతీరం

టీవీఎస్‌కి నీళ్లు తాగి రావాలా? ఒక్కోచోట ఒక్కోలా చెబుతారు.

స్కాన్‌రూమ్

రెండు స్కాన్లనీ కలిపేయడం వల్ల వచ్చే తికమక. పొట్టమీద చేసేదానికి మూత్రాశయం నిండి ఉండాలి, గంట ముందు లీటరు దాకా నీళ్లు. లోపలినుంచి చేసేదానికి మూత్రం పోసుకుని రావాలి. పెళ్లికానివాళ్లకు, కలయిక అనుభవం లేనివాళ్లకు లోపలి స్కాన్ చేయం, ఆ మాట మాతో ముందే చెప్పండి. నెలసరిలో ఉన్నా స్కాన్‌కి అడ్డేమీ లేదు.

డల్లాస్_తెలుగమ్మాయి

కలయిక తర్వాత మాత్రమే గులాబీ రంగు మరక. వయసు 34, మాత్రలేమీ లేవు, నెలసరి 29 రోజులకి ఠంచనుగా వస్తుంది. రెండేళ్ల కిందట పాప్ స్మియర్ (ముఖద్వారం కణాల పరీక్ష) నార్మల్. ఇక్కడ అపాయింట్‌మెంట్ ఆరు వారాల తర్వాత ఇచ్చారు. ఆగొచ్చా?

డాక్టరమ్మ_గైనిక్

కలయిక తర్వాత రక్తమంటే ముందు చూడాల్సింది గర్భసంచి ముఖద్వారం. ఎక్కువమందిలో తేలేవి మామూలువే. లోపలి మెత్తటి పొర బయటికి తిరిగి ఉండటం ఒకటి. దాన్నే మన దగ్గర "గర్భసంచి పుండు" అని చెప్పి భయపెడతారు. అది పుండు కాదు. గర్భిణుల్లోనూ, మాత్రలు వాడేవాళ్లలోనూ సహజం. పరీక్షలు బాగుంటే కాల్చడాలు, కరెంటు పెట్టడాలు అక్కర్లేదు. రెండోది వేలి కొనంత పాలిప్, చాలాసార్లు ఓపీలోనే మెలితిప్పి తీసేస్తారు. మూడోది క్లమీడియా, గనేరియా లాంటి ఇన్ఫెక్షన్ల వల్ల వచ్చే వాపు. యాంటీబయాటిక్స్‌తో తగ్గుతుంది, కానీ భర్తకీ మందు ఇవ్వకపోతే మళ్లీ వస్తుంది. పాలిచ్చే తల్లుల్లో, ముట్లు ఆగినవాళ్లలో పొడిబారి చీరుకోవడం కూడా ఉంటుంది.

ఇక అరుదైనా తప్పిపోకూడనిది ముఖద్వారం క్యాన్సర్. పాప్ స్మియర్, ఆ క్యాన్సర్ తెచ్చే వైరస్‌ని వెతికే హెచ్‌పీవీ పరీక్ష, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో వెనిగర్ లాంటి ఎసిటిక్ యాసిడ్ రాసి నిమిషం ఆగి తెల్లమచ్చలు చూసే వీఐఏ, ఇవన్నీ ఏ లక్షణమూ లేనివాళ్లకు చేసే జల్లెడ పరీక్షలు. లక్షణం ఉన్నవాళ్లకు జల్లెడ చాలదు. స్పెక్యులమ్ (దారి తెరిచి ఉంచే పరికరం) వేసి కళ్లతో చూడాలి, అనుమానమొస్తే కాల్పోస్కోపీ (ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చూడటం), ముక్క పరీక్ష (బయాప్సీ). "పాప్ నార్మల్" అన్న కాగితం చూపించి వాయిదా వేసుకోకూడదు.

మీ విషయంలో: ఒకసారే కనపడి ఉంటే ఆరు వారాలు ఆగినా ఫర్వాలేదు. ప్రతిసారీ వస్తుంటే క్లినిక్ నర్స్ లైన్‌కి ఫోన్ చేసి "కలయిక తర్వాత ప్రతిసారీ రక్తం, ఇన్ని వారాలుగా" అని అదే మాట చెప్పండి. ఏడాదికోసారి చేసే చెకప్ అని బుక్ చేస్తే వెనక్కి పోతారు, లక్షణం చెబితే ముందుకు జరుపుతారు. మాంసం కడిగిన నీళ్లలా పలచగా, వాసనతో స్రావం ఉంటే వారం కూడా ఆగొద్దు.

డల్లాస్_తెలుగమ్మాయి

మూడుసార్లు అయింది. రేపే ఫోన్ చేస్తాను, థాంక్యూ డాక్టర్ గారూ.

ఏఎన్ఎం_అక్క

ముట్లు ఆగినవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఊళ్లో 55, 60 ఏళ్లవాళ్లు "మళ్లీ కనపడింది, ఇంకా ఒంట్లో సత్తువుంది" అని నవ్వుకుంటూ చెబుతారు. సిగ్గుపడి కోడలికి కూడా చెప్పనివాళ్లు ఇంకా ఎక్కువ.

డాక్టరమ్మ_గైనిక్

మంచి మాట ఎత్తారక్కా. ఈ చర్చ మొత్తంలో ఒక్కటే గుర్తుపెట్టుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. వరసగా 12 నెలలు నెలసరి రాకపోతే ముట్లు ఆగినట్టు. ఆ తర్వాత ఒక్క చుక్క కనపడినా, ఒక్క రోజే కనపడినా, గులాబీ రంగు నీళ్లలా ఉన్నా పరీక్ష చేయించాల్సిందే. పందొమ్మిదేళ్ల పిల్లకు పది రోజులు పోయిన రక్తం కంటే అరవై ఏళ్లావిడకు కనపడిన చుక్కకి మేం ఎక్కువ బరువిస్తాం.

భయపడమని కాదు. పదిమందిలో తొమ్మిదిమందికి క్యాన్సర్ ఉండదు. హార్మోన్ తగ్గి లోపలి పొరలు పలచబడి, ఎండిన పెదవి చిట్లినట్టు చిట్లడమే ఎక్కువ. కానీ ఆ పదో మనిషిలో గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ తొలిదశలోనే దొరుకుతుంది, ఎందుకంటే అది మొదట్లోనే రక్తంతో చెబుతుంది. అప్పుడు తీసేస్తే చాలామందికి నయమైపోతుంది. ఊబకాయం, షుగర్, వయసులో ఉన్నప్పుడు నీటిబుడగల సమస్యతో ఏడాదికి మూడు నాలుగు నెలసర్లే వచ్చినవాళ్లు, రొమ్ము క్యాన్సర్‌కి టామోక్సిఫెన్ వాడుతున్నవాళ్లు ఇంకా ముందు రావాలి.

ఏం చేస్తామంటే, స్పెక్యులమ్‌తో చూస్తాం, టీవీఎస్‌లో లోపలి పొర మందం కొలుస్తాం. 4 మిల్లీమీటర్లు, అంతకంటే తక్కువైతే క్యాన్సర్ అవకాశం చాలా తక్కువ. ఎక్కువైతే సన్నటి ప్లాస్టిక్ గొట్టంతో పొర ముక్క తీస్తాం. మత్తు అక్కర్లేదు, నెలసరి నొప్పిలాంటిది ఒకటి రెండు నిమిషాలు. ఒక్క జాగ్రత్త: పొర పలచగా ఉందని రిపోర్టు వచ్చాక కూడా రక్తం మళ్లీ కనపడితే ముక్క పరీక్ష చేయించాలి. "స్కాన్ బాగుందన్నారుగా" అని ఊరుకోవద్దు.

40, 45 దాటి ఇంకా నెలసరి వస్తున్నవాళ్లకు మధ్యమధ్యలో రక్తం కనపడితే "వయసు మారుతోంది కదా" అని సరిపెట్టకుండా వాళ్లకూ ఇదే పరీక్ష.

గోదారి_కోడలు

ఇంత తలనొప్పి ఎందుకు, నలభై దాటాక సంచి తీసేయించుకుంటే పోలా? మా చుట్టుపక్కల సగంమంది అదే చేశారు.

ఏఎన్ఎం_అక్క

అమ్మా, అదే మన రెండు రాష్ట్రాల జబ్బు. 2015-16 సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేయించుకున్నవాళ్లు దేశం మొత్తంలో 3.2 శాతం ఉంటే, ఆంధ్రాలో 8.9, తెలంగాణలో 7.7. తెల్లబట్టకి, నాలుగు మరకలకి, నడుంనొప్పికి తీయించుకున్నవాళ్లు ఇందులో ఎందరో. క్యాన్సర్ వస్తుందని భయపెట్టి తీసేసిన సంచిని ముక్క పరీక్షకి కూడా పంపని చోట్లున్నాయి.

డాక్టరమ్మ_గైనిక్

అక్క చెప్పింది నిజం. తీసేయాల్సిన సందర్భాలు ఉన్నాయి, కాదనను. క్యాన్సర్, దేనికీ లొంగని రక్తస్రావం, పెద్ద గడ్డలు. కానీ స్పాటింగ్‌కి అది మొదటి వైద్యం కాదు. ఎవరైనా తీసేద్దామంటే మూడు అడగండి: ముక్క పరీక్ష రిపోర్టు ఏదీ? మందులు, హార్మోన్ లూప్ ఎందుకు పనికిరావు? అండాశయాలు ఉంచుతారా? చిన్న వయసులో అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు, గుండె త్వరగా దెబ్బతింటాయి. సంచి ఉంచి అండాశయాలు ఉంచినా ముట్లు ఆగేటప్పటి బాధలు ఒకట్రెండేళ్లు ముందుకు జరగొచ్చు.

ఇంకోటి, సంచి తీసేశాక కూడా మరక కనపడొచ్చు. కుట్లు వేసిన చోట ఎర్రటి కండ పెరిగితే ఓపీలోనే మందు అద్దుతారు. ముఖద్వారం ఉంచి పైభాగం మాత్రమే తీసి ఉంటే కొందరికి నెలనెలా చుక్కలు వస్తాయి, వాళ్లు పాప్ పరీక్షలు కూడా మానకూడదు. డిశ్చార్జి కాగితం జాగ్రత్త చేసుకోండి. ఏం తీశారో, ఏం ఉంచారో చాలామందికి తెలియదు.

కృష్ణాతీరం

డాక్టరమ్మ గారూ, పై వాక్యంలో "సంచి ఉంచి" అన్నారు, "సంచి తీసి" అనాలేమో?

డాక్టరమ్మ_గైనిక్

అవునండీ, చెయ్యి జారింది. సంచి తీసి అండాశయాలు ఉంచినా అని చదువుకోండి.

ల్యాబ్‌లో_లలిత

ఒక చిన్న విషయం. రక్తం ఎక్కణ్నుంచి వస్తోందో ముందు తేల్చుకోండి. పెద్దవయసువాళ్లలో మూత్రంలో రక్తాన్నీ, మొలల రక్తాన్నీ ఇదేననుకుని వస్తారు. కడుక్కుని, మూత్రం మధ్యధారని శుభ్రమైన డబ్బాలో పట్టండి. మూత్రమే ఎర్రగా ఉంటే దారి వేరు. తర్వాత శుభ్రమైన తెల్లటి పత్తిని యోనిద్వారం దగ్గర అద్ది చూడండి, మలవిసర్జన తర్వాత వెనక విడిగా చూడండి. ఏ పత్తికి అంటిందన్నది డాక్టర్‌కి సగం పని తగ్గిస్తుంది. ముందు రోజు బీట్‌రూట్ తిన్నారా అన్నది కూడా గుర్తుచేసుకోండి, నవ్వులాట కాదు.

సీతాఫలం

పసిపిల్లల్లో? పుట్టిన నాలుగో రోజు ఆడపిల్లకి డైపర్‌లో ఎర్రగా ఉంటే?

ఏఎన్ఎం_అక్క

తల్లి నుంచి వచ్చిన హార్మోన్ తగ్గుతున్నప్పుడు మొదటి పది రోజుల్లో కొద్దిగా రక్తం, తెల్లటి జిగురు రావడం సహజం. దిష్టి కాదు, మందూ అక్కర్లేదు. ముందు నుంచి వెనక్కి తడిగుడ్డతో తుడిస్తే చాలు. బొడ్డు దగ్గర కూడా రక్తం వస్తుంటే, పాలు తాగకపోతే వెంటనే చూపించాలి.

ఆ తర్వాత, 8 ఏళ్లలోపు ఆడపిల్లకి ఎప్పుడు కనపడినా పిల్లల డాక్టర్‌కి చూపించాల్సిందే. లోపల ఇరుక్కున్న కాగితం ముక్క, ఆడుతూ పడిన దెబ్బ, మూత్రద్వారం పొర బయటికి రావడం, వయసుకు ముందే రజస్వల కావడం, ఇలా ఏదైనా కావచ్చు. ఎవరైనా ఏదైనా చేశారా అన్నది కూడా మెల్లగా, తిట్టకుండా తెలుసుకోవాలి. ఆ అనుమానం ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098.

గోదారి_కోడలు

గర్భం నిలిచింది, ఏడో వారం, కొద్దిగా మరక. పూర్తిగా మంచం మీదే పడుకోమంటున్నారు ఇంట్లో.

డాక్టరమ్మ_గైనిక్

తొలి మూడు నెలల్లో నలుగురు గర్భిణుల్లో ఒకరికి ఎంతో కొంత కనపడుతుంది, వాళ్లలో ఎక్కువమంది కాన్పుదాకా వెళతారు. మంచం మీద పడుకోవడం వల్ల గర్భం నిలబడుతుందని తేలలేదు, బరువులు, కలయిక కొన్నాళ్లు మానితే చాలు. కానీ స్కాన్ తప్పదు. గర్భం సంచిలోనే ఉందా, గుండె కొట్టుకుంటోందా చూడాలి. మరీ తొలిరోజులైతే స్కాన్‌లో కనపడదు. అప్పుడు రక్తంలో బీటా హెచ్‌సీజీ (గర్భం హార్మోన్) 48 గంటల తేడాతో రెండుసార్లు చేస్తాం. మొదటి అంకెలో కనీసం సగమైనా పెరగాలి. ఒక్కసారి చేసిన అంకెతో ఏమీ తేలదు.

బ్లడ్ గ్రూప్ నెగెటివ్ అయితే ఫోన్‌లోనే ఆ మాట చెప్పండి. 12 వారాలు దాటాక రక్తం కనపడితే 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి. అంతకుముందైతే ఇవ్వాలా వద్దా డాక్టర్ చూసి చెబుతారు. ఇంతకుముందు గర్భస్రావం అయి ఇప్పుడు మరక కనపడుతుంటే ప్రొజెస్టెరాన్ వల్ల ఉపయోగం ఉంటుంది. అందరికీ గుడ్డిగా కాదు.

ఏడో నెల తర్వాత నొప్పి లేకుండా ఎర్రటి రక్తం కనపడితే మాయ కిందికి ఉండొచ్చు. ఎంత తక్కువైనా ఆసుపత్రికే. స్కాన్‌లో మాయ ఎక్కడుందో చూడకుండా ఎవరినీ వేలు పెట్టి పరీక్ష చేయనివ్వొద్దు.

ఏఎన్ఎం_అక్క

కాన్పు అయినవాళ్లు డిశ్చార్జి కార్డులో పీపీఐయూసీడీ అని ఉందేమో చూసుకోండి. కాన్పులోనే కాపర్-టీ వేసి ఉంటారు, చెప్పినా ఆ హడావుడిలో గుర్తుండదు. మొదటి 3 నుంచి 6 నెలలు మరకలు దాని వల్లే కావచ్చు. తర్వాత కూడా తగ్గకపోతే, దారం తగలకపోతే, కింద గట్టిగా గుచ్చుకుంటే కాపర్-టీ పక్కకి జరిగిందేమో చూపించాలి. 380ఏ రకం పదేళ్లకు, 375 రకం ఐదేళ్లకు తీయించాలి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు క్యాలెండర్ ఒక్కటి తీసుకెళ్లండి. కనపడిన రోజుకి చుక్క, ప్యాడ్ మార్చిన రోజుకి గీత, కలయిక రోజుకి ఇంకో గుర్తు. వాడే మాత్రల షీట్లు సంచిలో వేసుకోండి, బీపీవి, గుండెకి వాడే రక్తం పలచన చేసేవీ కలిపి. తెలంగాణలో మంగళవారాలు ఆరోగ్య మహిళ క్లినిక్‌లు మొదలయ్యాక ఆడవాళ్లే చూస్తారన్న ధైర్యం వచ్చింది, మీ దగ్గరి కేంద్రంలో ఉందేమో కనుక్కోండి.

కృష్ణాతీరం

చివరి ప్రశ్న. మరక కనపడుతుండగా వెళ్లొచ్చా, ఆగాక వెళ్లాలా? అలా వెళ్తే తిట్టి పంపేస్తారని భయం.

డాక్టరమ్మ_గైనిక్

కనపడుతుండగానే రండి. ఎక్కణ్నుంచి వస్తోందో అప్పుడే తెలుస్తుంది. రక్తం బాగా పోతున్న రోజు పాప్ స్మియర్ ఒక్కటి వాయిదా వేస్తాం, చూడటం వాయిదా వేయం. పాప్ కోసమే వస్తుంటే ముందు రెండు రోజులు కలయిక, లోపల పెట్టే మాత్రలు మానండి. రోజూ లోపలంతా వాష్‌లతో కడిగేసుకుని రావద్దు, మేం చూడాల్సిందంతా కాలవలో పోతుంది. వాడిన ప్యాడ్ ఫొటో తీసుకురండి, సిగ్గేం లేదు. "కొంచెం" అంటే ఎంతో మాటల్లో కంటే ఫొటోలో బాగా తెలుస్తుంది.